మంచులో పాట

పొగమంచులోంచి మళ్ళీ పాట లేచింది.

చంటిది ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. రాత్రంతా జ్వరంతో మూలిగి అప్పుడే కన్నంటించిన పిల్ల. జీవరత్నానికి ఒళ్ళు మండింది.

ఆ పాడే మనిషి కార్తీకంలో ఎక్కణ్ణుంచో వచ్చి కొల్లేటి గట్టున చేరింది. ఎవరితోనూ మాట్లాడదు. తెల్లవారుజామున మంచు పట్టిందంటే గట్టు చివర నిలబడి గొంతెత్తుతుంది.

"మన గూడేనికీ సైరను వచ్చిందే," అంది పక్కింటి పుష్పమ్మ. ఏలూరు మిల్లు కూత విన్న మనిషి ఆవిడ.

జీవరత్నం నవ్వలేదు. అయిదో తరగతితో ఆగిపోయిన చదువులో ఆ మాట ఒకటి ఆమెకు మిగిలింది. సైరనంటే కూతే కాదని, గ్రీకుల కథల్లో పాట పాడి పడవల్ని రప్పించుకుని ముంచే ఆడవాళ్ళకి ఆ పేరని మిషను బడిలో ఎలీయాజరు మేష్టారు చెప్పారు.

ఆమె మొగుడు యోసేపు రాత్రంతా నీళ్ళ మీదే ఉంటాడు.

"అది పడవల్ని పిలుస్తోంది పిన్నీ," అంది.

పుష్పమ్మ మొహంలో నవ్వు పోయింది.

ఇంతలో యోసేపు వల భుజానేసుకుని వచ్చాడు. జీవరత్నం పిల్లను జోకొడుతోంది.

"నీ గొంతు నడి కొల్లేటికి వినపడతందే," అన్నాడు.

వేళాకోళం అనుకుంది.

ఆ సాయంత్రం మగవాళ్ళు వేటకి వెళ్ళాక ఆడవాళ్ళందరూ కలిసి ఆ మనిషిని గట్టు మీంచి తరిమారు. ఆమె నీళ్ళ వైపు చెయ్యి చూపి ఏదో చెప్పబోయింది. ఎవరూ చెప్పనివ్వలేదు.

"మా ఇంటాయన పడవ జోలికి రాకు," అంది జీవరత్నం, పిల్లను పైటలో దాచుకుంటూ.

ఆ మనిషి దెందులూరు దారి పట్టి పోయింది.

మర్నాడు మంచు గోడ కట్టినట్టు దిగింది. గట్టు మీద చప్పుడు లేదు. ఎన్నాళ్ళకో చంటిది ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

పొద్దెక్కాక యోసేపు జతగాడు అబ్బులు ఒక్కడే వచ్చాడు, తడిసి ముద్దై. దోనె దారి తప్పి, సముద్రానికి పారే ఉప్పుటేరు వడిలో పడి బోల్తా కొట్టిందనీ, యోసేపు చేతికి అందలేదనీ చెప్పి కూలబడ్డాడు.



"ఇయ్యాళ ఎందుకు పాడలేదు వదినా?" అన్నాడు అబ్బులు.

"నేనా?"

"మంచు పట్టినప్పుడల్లా ఆ పాట వినపడే వైపే కదా మేము తెడ్డేసేది. 'మా జీవరత్నం పిల్లని జోకొడతంది, అటు తిప్పరా' అనేవాడు అన్న. ఇయ్యాళ కూడా చివరిదాకా చెవులు రిక్కించుకునే కూచున్నాడు."