పూలు ముట్టించిన చేయి

ఈశ్వరి పోయిన రోజు పొద్దున, పరిగి దగ్గరి వాళ్ల గుమ్మడి తోటలో తొలి ఆడపూలు విచ్చుకున్నాయి. వాటిని ముట్టించే చేయి లేదు.

ఎనిమిదేళ్లుగా ఆ తోటలో తేనెటీగ వాలలేదు. మగపూవు తుంచి, దాని పుప్పొడిని ఆడపూవుకు ముట్టించడం ఈశ్వరి పని. వారం వారం పురుగుమందు కొట్టడం ఆమె భర్త కుమారస్వామి పని. ఆ పంపు కడిగి కొట్టంలో బోర్లించడం మళ్లీ ఈశ్వరి పనే.

పుట్టిల్లు ముదిగుబ్బ నుంచి తెచ్చుకున్న విత్తనంలో ఆఖరి గుప్పెడు ఈసారి నాటింది. తీగ సాగకముందే మంచాన పడింది. నెలన్నర హిందూపురం ఆస్పత్రిలో ఉంది. కుమారస్వామి ఆమె పక్కనే ఉన్నాడు. ఇప్పుడు ఒక్క కాయైనా నిలవకపోతే ఆ విత్తనమూ ఆమెతోనే పోతుంది.

మైలలో తోట తొక్కకూడదన్నారు. పన్నెండో రోజు కుమారస్వామి వెళ్లి చూస్తే, ఆకుల చాటున టెంకాయంత కాయలు. ఒకటి కాదు, ఏడు!

పక్క చేని యల్లక్క గట్టు మీద కనిపించింది.

"ఈ మేలు మర్చిపోలేనక్కా," అన్నాడు.

"ఏం జేసినానప్పా?"

"పూలు ముట్టించినావు గదా."

"నేనా? మోకాళ్లు వంగక నా చేనే బీడు పెట్టుకుంటి. నీ తోటలో వంగుతానా? నీళ్లు కట్టినా, అంతే. మైలని గూడా చూడకుండా నువ్వే దొంగగా వచ్చిపోతాండావనుకుంటి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈశ్వరే వస్తాందేమో," యల్లక్క గొంతు తగ్గించింది. "ఉన్నన్నాళ్లూ ఒక్క పూవు వదల్లేదు. పోయినాక వదుల్తాదా?"

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మర్నాడు తెలవారకముందే గట్టు మీద కూర్చున్నాడు. "నేనూ చూడాల," అంటూ మోకాళ్లు పట్టుకుని యల్లక్కా వచ్చింది.

వెలుతురు పడింది. గాలి లేదు. అయినా ఒక ఆడపూవు కదిలింది. కుమారస్వామి దగ్గరికి వెళ్లి వంగాడు. ఒళ్లంతా పసుపు పూసుకున్నట్టు, పూవులోంచి తేనెటీగ బయటికి వచ్చింది. పక్క పూవులో ఇంకొకటి. చూస్తుండగానే తోటంతా సన్నటి రొద.

"అబ్బ! ఎన్నేండ్లాయె వీటిని జూసి. ఇన్నాళ్లూ యాడికి పోయినాయప్పా ఇవి?"

కుమారస్వామి అన్నిటికన్నా బాగున్న కాయ తొడిమకు విత్తనం గుర్తుగా గుడ్డపీలిక కట్టాడు. తర్వాత కొట్టం వైపు చూశాడు.

ఈశ్వరి ఆఖరిసారి బోర్లించిన మందు పంపును, రెండు నెలలవుతున్నా, అతను ఇంకా ఎత్తలేదు.