తెలిసినవాళ్ళ నంబరు

అన్యాయం ఎవరికి, ఎలా జరిగింది? పుంగనూరు యమునకు, ఒక ఫోన్ నంబరు ద్వారా జరిగింది.

కంప్యూటరుపై డ్రాయింగులు గీస్తూ కాంట్రాక్టు పనులతో బతికే మనిషి ఆమె. మదనపల్లెలో ఉద్యోగాలు కుదిర్చే ఏజెంటు సాయికుమార్, ఆమె పనిని ఎరిగినవాళ్ళ నంబరు అడిగాడు. ఆమె తను అప్పుడు పనిచేస్తున్న కుప్పం గ్రానైటు ఫ్యాక్టరీ నంబరిచ్చింది. అతడు వాళ్ళకు ఫోన్ చేసి ఇంకా చవకైన మనిషిని కుదిర్చాడు. ఆమె పని పోయింది.

రెండేళ్ళకు, 2004లో, అతడు ఆమెను మళ్ళీ నంబరడిగితే, నాది ఇవ్వమన్నాను. నేను నడిపే స్కూలుకు ప్లాను గీసింది ఆమే.

ఫోన్ మోగేసరికి యమున నా పక్కనే ఉంది. స్పీకరు నొక్కాను.

"యమున మీ స్కూలు ప్లాను గీసిందంట గదా మేడమ్. పనెట్లుంటాది?"

"ఏ లోపమూ లేదు."

"ఆయమ్మ కంటే తక్కువకు సేసేవాళ్ళు నాకాడ ఉండారు మేడమ్. యాల ఎక్కువిచ్చేది?"

"వాళ్ళ పేర్లు, నంబర్లు చెప్పండి."

పదకొండు మందివి ఉత్సాహంగా చెప్పాడు. యమున అన్నీ రాసుకుంది.

"వీళ్ళందరితో యమున మాట్లాడుతుంది. తెలిసినవాళ్ళ నంబరు మీకిస్తే ఏమవుతుందో చెబుతుంది."



"ఆయమ్మ ఆడే ఉండాదా మేడమ్?"

"ఈడే ఉండానప్పా," అంది యమున. "కుప్పం బాకీ తీరిపాయ. ఫోను పెట్టెయ్, లైను కావల్ల నాకు."