సూదుల కార్ఖానాకి వచ్చిన పెద్దాయన

పాత మిషన్ ముందు ఎవరో పెద్దాయన నిలబడి, తట్టలోంచి ఒక సూది తీసి వెలుగుకి పెట్టి చూస్తున్నాడు.

"ఎవరండీ మీరు? లోపలికెలా వచ్చారు?" అంది యజమానురాలు.

"గేటు తీసే ఉందమ్మా. ఇది చెప్పులు కుట్టే సూది కదూ?"

"అవును. కావాలా?"

"వద్దు. ఈ మిషన్లు తుక్కుకి వేస్తున్నారని విన్నాను. వెయ్యకండి. ఆ మాట చెప్పిపోదామనే వచ్చాను."

ఆవిడ మేస్త్రీ వంక చూసింది. తనకేం తెలియదన్నట్టు మేస్త్రీ పెదవి విరిచాడు.

అది ఆవిడ నాన్న పెట్టిన కార్ఖానా. పనివాళ్ళు పద్దెనిమిది మంది. చెప్పుల సూదులు, గోనెసంచుల సూదులు, పరుపుల సూదులు, ఇళ్ళలో వాడే మామూలు సూదులు, అన్నీ కలిపి ఇరవై రెండు రకాలు చేస్తారు.

మామూలు సూదులకి గిరాకీ పడిపోయి నాలుగేళ్ళయింది. సముద్రం అవతలి దేశంలో తయారీ ఖర్చు సగం ప్రభుత్వమే పెట్టుకుంటుందట. ఇక్కడ ఉక్కు తీగ కొనే ధరకి అక్కడి సూది తయారై, ఓడెక్కి, కొట్లోకొచ్చి కూర్చుంటోంది.

అందుకని ఇక్కడి ప్రభుత్వమూ ఒక పథకం తెచ్చింది. కొత్త ఆటోమేటిక్ మిషన్ కొంటే సగం ధర ప్రభుత్వమే ఏటా కొంత చొప్పున కడుతుంది. కాకపోతే పాత మిషన్లు తీసెయ్యాలి. జనం ఎక్కువగా కొనే రకమే, అదీ లక్షల్లో తయారుచెయ్యాలి.

దరఖాస్తు పెట్టించింది ఆవిడ తమ్ముడు. మాటలు విని అతనూ వచ్చాడు.

"ఏం పెద్దాయనా, వేరే కార్ఖానావాళ్ళు పంపించారా? మేం వద్దనుకుంటే ఆ సాయం వాళ్ళు కొట్టేద్దామనా?"

"కాదు బాబూ. పథకంలో తొమ్మిదో పేరా చదివారా?"

"మా ఆడిటర్ చదివాడు."

"వేరే దేశాలు కూడా ఇలాంటి సాయం మొదలుపెడితే, ఇక్కడిది సమీక్షిస్తారని ఉంది. సమీక్ష అంటే ఆపెయ్యడమే. మనల్ని చూసి ఇంకో రెండు దేశాలు మొదలుపెడతాయి. అందరూ ఒకటే సూది చేస్తారు. అన్ని సూదులకి కుట్టడానికి గుడ్డెక్కడుంది బాబూ?"

మేస్త్రీ నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు.

"ఈ చెప్పుల సూదులు లక్షల్లో అమ్ముడుపోవు. కాబట్టి వీటికి ఏ ప్రభుత్వమూ డబ్బివ్వదు. ఇవ్వదు కాబట్టే మీకు పోటీ రాదు," అన్నాడు పెద్దాయన.

"ఇంతకీ తమరెవరు?"

"రిటైరైనవాణ్ణి."

"తెలుస్తూనే ఉంది. పొద్దుపోక తిరుగుతున్నారు. ఇక దయచెయ్యండి."

మర్నాడూ వచ్చాడు. గేటు తియ్యొద్దన్నాడు తమ్ముడు.

మూడోనాడు మిషన్లు ఎక్కించుకుని లారీ బయల్దేరింది. గేటు దగ్గర పెద్దాయన దానికి దారిచ్చి పక్కకి జరిగాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది. పిలుద్దామా అనుకుంది. పిలవలేదు.

కొత్త మిషన్ వచ్చింది. పద్దెనిమిది మందిలో ఏడుగురే మిగిలారు. ఏడాదిపాటు సూదులు వానలా కురిశాయి.

ఆ తర్వాత పక్క దేశం సాయం మొదలుపెట్టింది. దాని పక్కది కూడా. ధర సగానికి పడింది, ఆ సగంలోనూ సగానికి పడింది. గోడౌన్‌లో పెట్టెలు కప్పుకి తగిలాయి. ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది, తొమ్మిదో పేరా ప్రకారం సాయం ఆపేశామని.

చెప్పులు కుట్టేవాళ్ళు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నారు.

"మా సూదులున్నాయా అమ్మా?"

"లేవు."

"మరెక్కడ దొరుకుతాయి?"

"తెలీదు."

తమ్ముడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడ్డం మానేశాడు. పనివాళ్ళని పంపించేసిన రోజున మేస్త్రీ ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"ఏడుపొస్తే ఏడవమ్మా. లోపల పెట్టుకోకు."

"రావట్లేదు బాబాయ్."

కార్ఖానా మూసేస్తున్నట్టు కాగితాలివ్వడానికి పరిశ్రమల ఆఫీసుకి వెళ్ళింది. గుమస్తా ఎక్కడ చూపిస్తే అక్కడ, చదవకుండా సంతకాలు పెట్టింది. తలెత్తితే ఎదుటి గోడ మీద సంతాప సభ నోటీసు. అందులో ఆ పెద్దాయన ఫోటో.

"ఈయన మా కార్ఖానాకి వచ్చారు," అంది.

"మీ దగ్గరికేనా అమ్మా? రిటైరయ్యాక రెండేళ్ళు అదే పని. బొమ్మలు చేసేవాళ్ళు, తాళాలు చేసేవాళ్ళు, అందరి గేట్ల దగ్గరా నిలబడ్డారు. కొందరైతే కసురుకుని పంపించేశారట. పోయిన వారం పోయారు పాపం."

"మేమూ కసిరాం," అంది ఆవిడ. "మా మిషన్లు ఉంటే ఏమిటి, పోతే ఏమిటి? ఆయనకెందుకంత?"

గుమస్తా ఆవిడ కాగితాల మీద ముద్ర వేశాడు.

"ఎందుకేమిటమ్మా, ఆ పథకం రాసిందే ఆయన."