కుందేలు తలకాయ

లోకనాథ్‌కు గులాబీ ముల్లు గుచ్చుకుంటే నొప్పి తెలియదు. సోఫా మీద మూరెడు ఊలు దారం కనిపిస్తే మాత్రం ఒళ్లంతా గుచ్చుకుంటుంది. బాగలూరులో అంత పెద్ద గులాబీ తోట నడిపే మనిషి, పెళ్లాం అల్లే కుందేలు బొమ్మ ఒక్కదాన్ని భరించలేకపోతున్నాడు.

"ఇంకా తలకాయేనా?" అన్నాడు టీ గ్లాసు అందుకుంటూ. "నువ్వు దాన్ని మొదలుపెట్టినప్పుడు నాటిన చెట్టు మొగ్గేసి, పూసి, ఆ పూలు బెంగళూరు మార్కెట్టుకు పోయి వాడి కూడా పోయినాయి."

"నిజం కుందేలుకు మాత్రం తలకాయ ఒక్క దినంలో వచ్చిందా?" అంది అంబిక.

"పొద్దున చూసినాను కదా, గుండ్రంగా బాగుండె. మళ్లీ ఎందుకు విప్పేసినావు?"

"తప్పుండె."

"యాడ?"

"మీకు చెప్తే తెలీదు, పోండి."

ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుంది. "ఆ టీచరమ్మ చెప్పేది మాకూ వినిపిస్తే మేమూ నేర్చుకుంటాం కదా" అని అతను గొణిగింది ఆమెకు వినపడలేదు. లేదా వినపడనట్టు ఊరుకుంది.

నాలుగ్గంటల క్లాసు. కృష్ణగిరి నుంచి భువన అనే అమ్మాయి ఫోన్‌లో క్రోషే అల్లిక నేర్పుతుంది. తెర మీద ఆమె చేతులు మాత్రమే కనిపిస్తాయి. వేలికి చుట్టిన దారం, దాన్ని అందుకునే హుక్కు, వెనక నుంచి నిదానమైన గొంతు. ఎవరు ఎన్ని తప్పులు చేసినా విసుక్కోదు. "విప్పేయండి, దారానికి కోపం రాదు" అంటుంది.

అంబిక ఆ క్లాసులో సొంత పేరుతో చేరలేదు. తోటలో పూలు కోయడానికి కొత్తగా వచ్చిన సెల్వి నంబరు పెట్టి, సెల్వి పేరుతోనే చేరింది. యాభై దాటినాక బొమ్మలు అల్లుతోందని నలుగురికీ తెలియడం ఎందుకు? కెమెరా ఆపేసి కూర్చుంటుంది. మైకు ముట్టుకోదు. ఏదున్నా టైపు చేసి అడుగుతుంది. అడిగేవన్నీ మొదటి పాఠంలోవే.

దారాన్ని వేలికి ఉంగరంలా చుట్టి, అందులో ఆరు కుట్లు వేసి, కొస లాగితే మధ్య రంధ్రం మూసుకుపోవాలి. దాన్ని మ్యాజిక్ రింగ్ అంటారు. అంబిక లాగితే ఆ మ్యాజిక్ జరగదు. కుట్లు తగ్గించమన్న చోట పెంచుతుంది. గుండ్రంగా మూసుకోవాల్సిన తల గొడుగులా విచ్చుకుంటుంది. దాన్ని ఫోటో తీసి పంపుతుంది.

"పర్లేదు సెల్వి అక్కా, మళ్లీ చూపిస్తాను" అని భువన అందరినీ ఆపి మొదటి నుంచి చెబుతుంది. మిగతావాళ్లకు ఒళ్లు మండేది. "సెల్వి అక్క కుందేలుకు తలకాయ కాదు, బాణలి మొలుస్తాంది" అని డెంకణికోట నుంచి ఒకావిడ రాసింది. అంబిక దానికి కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టింది.

ఈ రోజు చివరి క్లాసు. బొమ్మలకు ఆర్డర్లు ఎక్కువయ్యాయని, ఇక కొత్తవాళ్లను చేర్చుకోనని, సాయంత్రానికి గ్రూపు కూడా తీసేస్తానని భువన ముందే చెప్పింది.

అంబికకు టీచరుతో అనాల్సిన మాట ఒకటుంది. మొదటి రోజు నుంచీ ఉంది. టైపు చేద్దామని కూర్చుంటే వేళ్లు తిన్నగా పోయి రంధ్రం మూసుకోలేదనే రాస్తాయి. ఈ ఒక్క గంటా దాటితే రాయడానికి కూడా చోటుండదు. ఒళ్లో చూస్తే తెరుచుకున్న తల, అందులోంచి తొంగి చూస్తున్న దూది.

తెర మీద అందరూ కుందేళ్లు ఎత్తి చూపిస్తున్నారు. ఒకదానికి చెవి పొట్టి. ఒకదానికి కన్ను నుదుటి మీదికి ఎక్కింది. అయినా అన్నీ కుందేళ్లే.

"టీచర్, మళ్లీ తప్పు పోయింది" అని టైపు చేసింది అంబిక.

"అక్క సంగతి తర్వాత చూద్దాం" అంది భువన. "ముందు దారం కొస దాచే ముడి చూపిస్తాను. ఇది వేరే ఏ క్లాసులోనూ చెప్పరు. పూలు కట్టేటప్పుడు వేసే ముడి. మా ఇంట్లో ఇట్లే వేస్తారు." ఆ చేతులు ఒక్క క్షణం ఆగాయి. "వేస్తా ఉండిరి."

తెర మీద దారం మెలి తిరగకముందే అంబిక వేళ్లు ఆ ముడి వేసేశాయి. చూసుకుని గబుక్కున విప్పబోయింది. అది రాలేదు. పూల ముడి విప్పితే వచ్చేది కాదు.

క్లాసు అయిపోయింది. ఒక్కొక్కరే చెప్పి వెళ్లిపోతున్నారు. తెర మీద గళ్లు తగ్గుతూ తగ్గుతూ చివరికి రెండే మిగిలాయి. ఒకదాంట్లో భువన చేతులు, ఇంకొకదాంట్లో సెల్వి పేరు.

"ఉన్నారా సెల్వి అక్కా? టైపు చేస్తే నాకు సరిగ్గా తెలీడం లేదు. సిగ్గుపడొద్దు, మైకు పెట్టి చెప్పండి. తప్పు యాడ వచ్చిందో చెప్తే ఇద్దరం కలిసి సరి చేద్దాం."

అంబిక వేలు మైకు గుర్తు మీదికి పోయి ఆగింది. ఖాళీ గ్లాసు పెట్టడానికి వచ్చిన లోకనాథ్ ఆమె మొహం చూసి గ్లాసుతో సహా నిలబడిపోయాడు. ఆమె వేలు నొక్కింది.

"తప్పు అల్లికలో రాలేదు భువనా, నిన్ను ఇంజనీరింగ్ చదివించింది బొమ్మలు అల్లేదానికా, మళ్లీ ఈ గడప తొక్కొద్దు అన్నానే, ఆ పొద్దు మీ అమ్మ నోట్లో వచ్చింది."