తెలిసే చేశారు

పప్పులో తాలింపు పడగానే స్మోక్ అలారం మొదలైంది.

"ధాత్రీ, తలుపు తియ్యవే! మళ్ళీ అరుస్తోంది!" గరిటె చేతిలో ఉండగానే రూమ్మేట్ బేబీ కేకలు పెట్టింది.

ధాత్రి లాప్‌టాప్ టేబుల్ మీద వదిలి లేచేలోపే పై నుంచి ఐనార్ దిగి వచ్చాడు. చెల్లెల్ని చూడడానికి ఐస్‌లాండ్ నుంచి వచ్చి, ఆ ఇంటి పై గదిలో అద్దెకుంటున్న పెద్దాయన. కుర్చీ ఎక్కి, టవల్ విసిరి విసిరి అలారం నోరు మూయించాడు.

"సారీ అంకుల్," అంది బేబీ.

"నేను వాసనకు దిగొచ్చాను. అలారం ఒక సాకు," అన్నాడు ఇంగ్లీషులో.

బేబీ నవ్వి, ఒక గిన్నెలో పప్పు వేసి ఇచ్చింది.

ఆ ఏడాది కెనడాలోని రెజైనాలో అద్దెకు గది దొరకడమే గగనం. యూనివర్సిటీ బస్సు ఎక్కితే సగం మాటలు తెలుగులోనే వినపడేవి. యోగానంద్ అంకుల్ తన ఇంటి బేస్‌మెంట్ ఇవ్వబట్టి వీళ్ళిద్దరికీ నీడ దొరికింది.

ఐనార్ చూపు లాప్‌టాప్ మీద ఆగింది.

"అది మా దేశం కదా?"

"అవునంకుల్. నా సెమినార్ టాపిక్. బ్యాంకులు కూలినంక ఐస్‌లాండ్ ఎట్ల కోలుకుందని."

ధాత్రికి అది మామూలు సెమినార్ కాదు. అందులో మెప్పిస్తే డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌షిప్ ఇస్తారు. అది రాకపోతే వచ్చే సెమిస్టర్ ఫీజుకు దారి లేదు. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. జగిత్యాలలో బట్టలు కుట్టే అమ్మకు, చదువు మధ్యలో ఆపి రానని మాట ఇచ్చి వచ్చింది.

ఐనార్ నిలబడే స్లైడ్లన్నీ చదివాడు. చేపల ఎగుమతులు, టూరిస్టులు, పడిపోయిన కరెన్సీ, మళ్ళీ పైకి లేచిన గ్రాఫు.

ఒకచోట వేలు పెట్టాడు.

"బ్యాంకు పెద్దలు ప్రమాదాన్ని గుర్తించలేకపోయారని రాశావు. తప్పు. వాళ్ళు తెలిసే చేశారు."

"రెఫరెన్స్ ఉందా అంకుల్?"

"కోర్టు తీర్పులున్నాయి. మా భాషలో. వాటికంటే నన్నే మీ క్లాసుకు తీసుకెళ్ళు. గెస్టుల్ని పిలవొచ్చుగా?"

"పిలవొచ్చు... చూస్తానంకుల్."

ఆయన పైకి వెళ్ళగానే బేబీ గొంతు తగ్గించింది.

"తీసుకెళ్తావేంటే కొంపదీసి?"

"ఏమని పరిచయం చెయ్యాలె? మా పై పోర్షన్ తాత, పప్పు మంచిగ తింటడు అనా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన తప్పన్న వాక్యం జోలికి ధాత్రి మళ్ళీ వెళ్ళలేదు.

తర్వాత ఎప్పుడు ఎదురుపడినా ఐనార్ అదే అడిగేవాడు.

"క్లాసు ఎప్పుడు?"

"డేట్ ఇంకా ఇయ్యలేదంకుల్."

డేట్ ఎప్పుడో ఇచ్చారు.

సెమినార్ రోజు పొద్దున ధాత్రి తలుపు తీసేసరికి ఐనార్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన కోటు, టై.

"ఇవాళేనని మీ బేబీ నోరు జారింది," అన్నాడు నవ్వుతూ.

ధాత్రి తల దించుకుంది.

"సారీ అంకుల్. ముందుగాల ప్రొఫెసర్‌కు చెప్పలేదు. బస్సు పోతది."

ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

"వెళ్ళు. గట్టిగా మాట్లాడు."

ధాత్రి గట్టిగానే మాట్లాడింది. ఎక్కడా తడబడలేదు. అంతా విన్నాక ప్రొఫెసర్ కళ్ళజోడు తీశాడు.

"అంకెలు బాగున్నాయి. మనుషులేరి? ఆ బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళు ఒక్కరితోనైనా మాట్లాడావా?"

"వాళ్ళు రెజైనాలో ఎక్కడ దొరుకుతారు ప్రొఫెసర్?"

క్లాసంతా నవ్వింది. ధాత్రి కూడా నవ్వింది.

అసిస్టెంట్‌షిప్ ఇంకో కుర్రాడికి పోయింది. అతను కరువు మీద మాట్లాడాడు. పంట పోయిన రైతును వెంటబెట్టుకుని వచ్చి, ఆయన చేతే చెప్పించాడు.

ధాత్రి ఏడవలేదు. బస్సులోనుంచే తను పనిచేసే గ్రోసరీ స్టోర్ మేనేజర్‌కు ఫోన్ చేసి, వీకెండ్ షిఫ్టులన్నీ తనకే వేయమంది. చదువు ఆపేది లేదు. వచ్చే సెమిస్టర్ మళ్ళీ అప్లై చేస్తుంది. ఈసారి ముందు మనుషుల్ని వెతుక్కుంటుంది, అంకెలు ఆ తర్వాతే.

ఆ మొదటి మనిషి ఐనారే ఎందుకు కాకూడదు? ఆయనా ఐస్‌లాండ్‌లో ఆ రోజులు చూసినవాడే కదా!

ఇంటికి రాగానే తిన్నగా పైకి వెళ్ళింది. గది తలుపు తెరిచి ఉంది. యోగానంద్ మంచం మీది దుప్పటి తీస్తున్నాడు.

"అంకుల్, ఐనార్ గారు ఏరి?"

"మధ్యాహ్నమే ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళిపోయాడమ్మా. అసలు పోయిన వారమే వెళ్ళాల్సింది. నీ సెమినార్ ఉందని టికెట్ మార్చుకున్నాడు."

"నా సెమినార్ కోసమా? ఎందుకు?"

యోగానంద్ దుప్పటి మడత సగంలో ఆపాడు.

"నీకు చెప్పలేదా? గది ఇచ్చేముందు నాకు తనే చెప్పాడే. ఇష్టం లేకపోతే వేరే చోటు చూసుకుంటానన్నాడు."

"నాకేం చెప్పలేదంకుల్."

"నువ్వడిగావా, ఆయనెవరో?"

ధాత్రి తల అడ్డంగా ఊపింది.

"కూలిన బ్యాంకుల్లో ఒకదానికి పెద్దగా ఉన్నది ఆయనేనమ్మా. జైలు నుంచి వచ్చిన దగ్గర్నుంచి, చదువుకునే పిల్లలు ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళ్ళి, ఆ తప్పు నాదేనని నిలబడి చెబుతున్నాడు."