పైగాలి

బాపట్లలో మా వాతావరణ కేంద్రం నుంచి వానాకాలం రాత్రుళ్లు పైగాలి ఎటు వీస్తోందో చూడ్డానికి బెలూన్ వదిలేవాళ్లం. దానికి వేలాడే కాగితపు లాంతరులో కొవ్వొత్తి వెలిగించడం నా భార్య సామ్రాజ్యానికి సరదా.

"కింది గాలి దీన్ని సముద్రం మీదికి తోస్తుంది. బాగా పైకెళ్తే తూర్పుగాలి వెనక్కి తెస్తుంది" అని ఒకసారి చెప్పాను.

"అయితే పోయినవాళ్లు ఇంకాస్త పైకెళ్తే చాలన్నమాట" అని నవ్వింది.

ఆమె చనిపోయిన ఏడాది, 1987లో, ఒక రాత్రి అగ్గిపుల్లలు చెమ్మగిల్లి ఎంత గీసినా వెలగలేదు. ఇంతలో బెలూన్ దారం నా చేతిలోంచి జారి, అది దీపం లేకుండానే పైకెళ్లిపోయింది. వాన తెరిపిచ్చింది, అదే చాలనుకున్నాను.

కాసేపటికి సముద్రం వైపు, చాలా ఎత్తున, చిన్న దీపం కనిపించింది. మెల్లగా మా వైపే వస్తోంది.

"సార్, మనం వెలిగించలేదు గదండి" అన్నాడు అటెండరు రాఘవులు.

దీపం కేంద్రం పక్కనే ఉన్న మా ఇంటి మీదికొచ్చి ఆగింది. చుట్టూ పలచని మబ్బులు మాత్రం పడమటికి సాగిపోతూనే ఉన్నాయి.

ఇంటికి తాళం వేసొచ్చానని అప్పుడు గుర్తొచ్చింది.