తాయారు గొంతు

ఆత్రేయపురంలో మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దలందరి చెవుల్లోనూ ఇప్పుడు మాట్లాడే చెవిపూసలే. తరవాత చెయ్యాల్సిన పనేదో అవి మెల్లగా గుర్తుచేస్తాయి. పూతరేకులు తీయడంలో చెయ్యి తిరిగిన గవరమ్మ మాత్రం రెండు పూసలు పీకి పొయ్యిలో పారేసింది. రెండోదానికి కొడుకు గొంతు పెట్టారు.

"రెండుసార్లడిగితే విసుక్కుంటందండి, అచ్చం మావోడిలాగే," అంది పూసలు పెట్టే నర్సుతో.

చివరికి ఆ నర్సు, గవరమ్మ కూతురైన తాయారుని గొంతిమ్మని అడిగింది. తాయారుకి నలభై ఏళ్ళు. ఆటిజం వల్ల ఏడేళ్ళదాకా మాట్లాడలేదు. మాటలొచ్చాక ఒకే మాట ఒకేలా వందసార్లు అనేది. బళ్ళో పిల్లలు అందుకే వెక్కిరించేవారు. ఇప్పుడామె మైకు ముందు కూర్చుని, చిన్నప్పుడు అమ్మ నేర్పిన మాటలే అదే వరసలో చెప్పింది.

"గుడ్డ ముంచు. కుండ మీద లాగు. రేకు తియ్యి."

మర్నాడు గవరమ్మ ఆ గొంతున్న పూస పెట్టుకుని మధ్యాహ్నందాకా రేకులు తీసింది. ఒక్కటీ చిరగలేదు. ఆ గొంతే మాకూ కావాలంటూ ఆరిళ్ళవాళ్ళు గుమ్మంలోకొచ్చారు.

పక్కన కూర్చుని రేకులందుకుంటున్న తాయారుని గవరమ్మ ఎగాదిగా చూసింది. ఎవరో కూలికొచ్చిన మనిషనుకుంది.

"నా చెవిలో చెప్పేది మా అమ్మాయేనండి," అంది గర్వంగా. "ఏడేళ్ళదాకా నోరిప్పలేదు. ఇప్పుడు ఊరంతటికీ అదే చెప్పాలంట."

తాయారు చేతిలో రేకు ఆగిపోయింది. ఎన్నడూ అనని కొత్త మాట ఒకటి వెతుక్కుని, నిదానంగా అంది.

"అవునండి. మంచి గొంతు."